గాలిదారి

కోడలు గుమ్మంలో చెప్పులు విడిచేసరికే అత్తగారి బట్టలు సగం సంచిలోకి ఎక్కేశాయి.

ఆడపడుచు మంచం పక్కన నేల మీద చతికిలబడి ఒక్కొక్కటీ మడతపెట్టి కుక్కుతోంది. బట్టల దుకాణంలో పదిహేనేళ్లుగా పనిచేస్తున్న చెయ్యి, ఇంత గొడవలోనూ మడత చెదరడం లేదు. అత్తగారు మంచం మీద గోడకి ఒదిగి కూర్చుంది. అంత మంచంలోనూ ఆవిడ తీసుకున్నది జానెడు చోటు. ఇవతలి సగమంతా దుప్పటి చదును చేసి, తలగడ నిలబెట్టి, ఎవరికో అట్టేపెట్టినట్టు ఖాళీగా వదిలింది. ఆరేళ్ల పాప నాన్నమ్మ ఒళ్లో తల పెట్టుకుని కళ్లు సగం మూసుకుని ఉంది. తలనొప్పి, బడికి పోనని పొద్దున మొండికేసింది. మూడు వారాలుగా అదే పాట.

బయట ఎముకలు కొరికే చలి. గది మూల గ్యాస్ హీటరు మండుతోంది. లోపల మగత కమ్మే వెచ్చదనం.

"రెండింటికల్లా తీసుకురమ్మన్నారు," అంది ఆడపడుచు తలెత్తకుండానే. "తమ్ముడు బండి మాట్లాడ్డానికి వెళ్లాడు. నువ్వు క్లాసులో ఉన్నావు కదా, నిన్ను కదపడం ఎందుకని చెప్పలేదు."

తీసుకురమ్మన్నది ఎవరో కోడలికి తెలుసు. ఊరి చివర, మతి తప్పిన ముసలివాళ్లను పెట్టుకుని చూసే ఇల్లు. పోయి రెండేళ్లయిన మామగారు రోజూ వచ్చి మంచం మీద కూర్చుంటున్నారని అత్తగారు మొదటిసారి అన్నప్పుడు, కల వచ్చి ఉంటుందని అందరూ ఊరుకున్నారు. తర్వాత ఒకరోజు ఆవిడ రెండో టీ గ్లాసు కూడా అడిగి తీసుకుని, ఖాళీ చోటు వైపు చాచి, వేళ్లు వదిలేసింది. గ్లాసు పగిలిన చప్పుడు కన్నా, "పట్టుకోలేదే ఈయన" అని ఆవిడ మామూలుగా విసుక్కున్న తీరుకి కొడుకు మొహం పాలిపోయింది. అప్పటినుంచీ ఆ ఇంటి మాట నడుస్తోంది. నాలుగు గోడల మధ్యే నడుస్తోంది కానీ, గోడలకి చెవులుంటాయి కదా, పక్కింటివాళ్లు పాపని ఆటకి పిలవడం మానేశారు.

కోడలు భుజాన ఉన్న సంచిలోంచి అరచేతిలో ఇమిడే పసుపుపచ్చ మీటరు తీసి, గుమ్మం దగ్గరే నిలబడి నొక్కింది.

ఆ మీటరు ఆమె చేతికొచ్చి గంట కూడా కాలేదు. భవనాల్లో వేడీ చల్లదనం వృథా పోకుండా చూడటం నేర్పే తొమ్మిది నెలల టెక్నీషియన్ కోర్సు అది. క్లాసులో పదకొండు మంది మగవాళ్లు, ముప్పై నాలుగేళ్ల తనూ. పాఠం చెప్పే మాస్టారు ఒకప్పుడు పెద్ద పెద్ద భవనాల్లో బాయిలర్లు, ఏసీలు బాగుచేసిన మనిషి. కుడిచేతి రెండు వేళ్లకి మొనలు ఉండవు, ఏదో ఫ్యాను బెల్టు తినేసింది. ఈ రోజు పాఠం మంటల గురించి. గాలి అందని మంట విషం కక్కుతుందనీ, దానికి రంగూ వాసనా ఉండవనీ, అది రక్తంలో చేరితే మెదడు లేనిపోనివి వినిపిస్తుంది, చూపిస్తుందనీ చెబుతూ ఆయన ఉన్నట్టుండి సుద్దముక్క కింద పెట్టారు.

"ఇంట్లో అందరికీ తలనొప్పి వస్తోందా, వీధిలోకి వెళ్తే తగ్గుతోందా, మూల ఎవరో ఉన్నట్టు అనిపిస్తోందా. అయితే మంత్రగాడి దగ్గరికి పరిగెత్తకండి. ముందు హీటరు చూడండి."

క్లాసంతా నవ్వింది. ఆమె మాత్రం లేచి నిలబడి, గాలిలో ఆ విషాన్ని కొలిచే మీటరు ఈ పూటకి ఇస్తారా అని అడిగింది. మాస్టారు ఆమె మొహం చూసి, పుస్తకంలో సంతకం కూడా అడక్కుండా ఇచ్చేశారు.

ఆమె అంత కంగారు పడటానికి కారణం, ఇంటిని గాలి చొరబడకుండా బిగించింది తనే. మూడు వారాల క్రితం ప్రాక్టికల్ పరీక్షకి సొంత ఇంటినే తీసుకుంది. వీధి తలుపు చట్రంలో పెద్ద ఫ్యాను బిగించి ఇంట్లో గాలిని బయటికి తోడి, పొగ కడ్డీ పట్టుకుని గదులన్నీ తిరిగి, పొగ ఎటు వంగితే అక్కడ చీలిక ఉందని గుర్తుపెట్టి, ప్రతి సందునీ పూడ్చింది. కిటికీలకి రబ్బరు పట్టీలు, తలుపుల కింద కుచ్చులు, గోడ పగుళ్లకి మైనంలాంటి పూత. హీటరు సగం మంటకే ఇల్లు వెచ్చబడింది. క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. అత్తగారికి మామగారు కనబడటం మొదలైంది ఆ తర్వాతే.

సున్నా చూపించాల్సిన మీటరు గుమ్మంలోనే ముప్పై ఎనిమిది చూపించింది. రెండడుగులు వేస్తే అరవై. పాప తల దగ్గర పెట్టేసరికి నూట నాలుగు దాటి, కీచుమని అరవడం మొదలుపెట్టింది.

ఆమె హీటరు గ్యాసు కట్టేసింది. పాపని ఎత్తి భుజాన వేసుకుని, రెండో చేత్తో కిటికీ గడియ లాగింది. అంతసేపూ బొమ్మలా కూర్చున్న అత్తగారు ఆ చప్పుడుకి మాత్రం కదిలింది.

"కిటికీ తీయకమ్మాయ్. ఆయనకి చలి పడదు."

ఆ గొంతులో బతిమాలటం లేదు, కోపం లేదు. పడుకున్నవాళ్లు లేస్తారు, మెల్లగా మాట్లాడమన్నట్టు ఉంది. కోడలి చెయ్యి ఒక్క క్షణం గడియ మీదే ఆగిపోయింది. భుజం మీద పాప నిద్రమత్తులో, "తాతయ్య లేచి వెళ్తున్నారు" అని గొణిగింది.

రెక్క తెరుచుకుంది. చలిగాలి గదిలోకి విరుచుకుపడింది.

ఆ తర్వాత జరిగినవన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ముందు బయటికి నడవండి, గొడవ వీధిలో పెట్టుకుందాం అని కోడలు గట్టిగా అంటే, ఎన్నడూ ఆమె మాట వినని ఆడపడుచు విని, తల్లిని చంకల కింద పట్టుకుని నడిపించింది. అంతలో భర్త బండి తీసుకొచ్చాడు. తల్లిని వదిలిపెట్టడానికి మాట్లాడిన ఆ బండిలోనే తల్లినీ కూతుర్నీ ఆస్పత్రికి తీసుకెళ్లాడు. అక్కడ మొహాలకి తొడుగులు పెట్టి మూడు గంటలపాటు ఆక్సిజన్ పట్టించారు. ఇంకో వారం ఇలాగే జరిగి ఉంటే ముసలావిడ సంగతి అటుంచి పాపే ముందు లేవకుండా పోయేదని డాక్టరు అన్నాడట. ఆ మాట ఆడపడుచు ఫోనులో చెప్పింది. చెప్పి, ఏడవకుండా పెట్టేసింది.

కోడలు ఆస్పత్రికి వెళ్లలేదు. తప్పు ఎక్కడ జరిగిందో తేల్చకుండా ఆ గదిలోకి వాళ్లని మళ్లీ రానివ్వకూడదు.

తప్పు ఎక్కడో ఆమెకి అంతుబట్టడం లేదు. ఇంటిని బిగించే ముందు ఇంటికి ముక్కు పెట్టాలన్నది మాస్టారి మొదటి పాఠం. ఆమె పెట్టింది. అత్తగారి గదిలో, పైకప్పుకి జానెడు కింద, గోడకి బెజ్జం వేసి పిడికిలి పట్టేంత గొట్టం అమర్చి, పైన జల్లెడ మూత బిగించింది. హీటరుకి గాలి ఆ దారిన రావాలి. మరి రాలేదేం?

మీటరు సున్నాకి దిగేదాకా ఆగి, కిటికీ తలుపు మూసింది. పరీక్ష నాటి పెద్ద ఫ్యాను ఇప్పుడు లేదు కాబట్టి వంటగదిలో పొగ లాగే ఫ్యాను వేసి, పొగ కడ్డీ వెలిగించి, మంచం మీద స్టూలు వేసుకుని ఎక్కింది. గొట్టం బాగుంటే పొగ గదిలోకి వంగి పరుగెత్తాలి.

పొగ నిట్టనిలువుగా లేచింది. సన్నగా, దారంలా, వణకనైనా వణకలేదు.

వంటగది ఫ్యాను హోరు తప్ప ఇంట్లో ఇంకే చప్పుడూ లేదు. కాళ్ల కింద మంచం, మంచం మీద అత్తగారు వదిలేసిన ఖాళీ చోటు, ఆ చోటులో ఒక తలగడ. మీటరు జేబులో ఉంది, సున్నా చూపిస్తోంది, ఇప్పుడే చూసింది. మెదడుని మోసం చేసేదేదీ ఈ గాలిలో లేదు. అయినా వీపు మీద ఎవరి చూపో ఆనినట్టుంది. వెనక్కి తిరిగితే ఏమీ ఉండదని తెలుసు. తెలిసీ తిరగలేదు. మూతకున్న నాలుగు మరలూ విప్పి, మూత తీసి, గొట్టంలో వేళ్లు పెట్టింది.

మెత్తగా తగిలింది.

పట్టుకుని లాగితే మూరలకి మూరలు వచ్చింది. కావిరంగు ఉన్ని మఫ్లరు. అంచు దగ్గర మసి మరక. మామగారు ముప్పై ఏళ్లు ఓ ఆస్పత్రి బాయిలరు గదిలో పనిచేశారు. ఎండాకాలంలో కూడా ఆ మఫ్లరు మెడకి ఉండాల్సిందే. ఆయన పోయాక దాన్ని అత్తగారు ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి ఆవిడ మెళ్లోని తాడుకే ఉంటుంది, స్నానానికి వెళ్లినా తీయదు.

కోడలు స్టూలు దిగి నేల మీద కూర్చుండిపోయింది. తన వల్ల కాదన్న ఊరట ముందు వచ్చింది. దాని వెనకే వచ్చింది అసలు భయం.

సాయంత్రం ఆరింటికి వాళ్లు తిరిగొచ్చారు. అత్తగారి మొహంలోకి నెత్తురు వచ్చింది. చూపు తేటపడింది. పాప అన్నం అడిగింది. అక్కా తమ్ముడూ వరండాలో నిలబడి గుసగుసలాడుకుంటుంటే, కోడలు అత్తగారిని ముందు గదిలోని కుర్చీలో కూర్చోబెట్టి, మఫ్లరు ఒళ్లో పెట్టింది. ఏమీ అడగాల్సిన పని లేకపోయింది.

"నేనే," అంది అత్తగారు, దాన్ని తట్టి చదును చేస్తూ. "ఆ కన్నంలోంచి చల్లగాలి కొడుతుంటే ఆయన గుమ్మంలోనే నిలబడి వెళ్లిపోయేవారు. అది మూశాక లోపలికొచ్చి కూర్చున్నారు."

"అత్తయ్యా, అది గ్యాసు. మెదడుకెక్కితే లేనివాళ్లు కనిపిస్తారు. డాక్టరు కూడా చెప్పారు కదా."

"చెప్పాడు. నాకు అర్థమైంది." ఆవిడ తలెత్తి కోడలి కళ్లలోకి చూసింది. ఆ చూపులో మతి తప్పిన జాడ ఏ కోశానా లేదు. "గ్యాసే అనుకో. పాపని నీ దగ్గర పడుకోబెట్టుకో. నాకు మళ్లీ వెలిగించి పెట్టు. రోజూ వద్దు, ఒక్కసారి. ఒక్క గంట."

పిచ్చిలో అడిగితే సర్దిచెప్పొచ్చు. ఆవిడ తెలివితో అడుగుతోంది. ఇది ఆడపడుచు చెవిన పడితే ఆ సంచి మళ్లీ సర్దుతుంది, ఈసారి ఆపడానికి ఎవరి దగ్గరా మాట ఉండదు. అడిగింది కాక పాప ప్రాణం మీదికి తెచ్చింది కూడా ఆవిడే అని తెలిస్తే కొడుకు తల్లి మొహం చూస్తాడా?

ఆమె మఫ్లరు తీసి తన సంచిలో దాచేసింది. హీటరు గ్యాసు తిప్పే పిడి ఊడదీసి జేబులో వేసుకుంది.

భర్త లోపలికి వచ్చి, అసలేం జరిగిందని అడిగాడు. పక్కనే ఆడపడుచు నిలబడింది. కోడలు గోడ వైపు చూస్తూ చెప్పింది.

"గాలి రావడానికి గొట్టం పెట్టాలి. పెట్టాక, పరీక్షలో ఇల్లు గట్టిగా ఉందని చూపించడానికి మూశాను. మళ్లీ తీయడం మర్చిపోయాను."

ఆడపడుచు కళ్లు పెద్దవయ్యాయి. మార్కుల కోసం కన్నకూతురి ఊపిరి మూశావా అని చాలా మెల్లగా అంది. ఎన్ని తిట్లు తిట్టినా ఆ మెల్లని మాటంత గుచ్చుకునేవి కావు. అత్తగారు పాప జుట్టు నిమురుతూ కూర్చుంది.

భర్త బస్సు డిపోలో మెకానిక్కు. చిన్న బోల్టు వదులైనా ఎందుకు వదిలేశావని పదిసార్లు అడిగే మనిషి. ఈసారి ఒక్క ప్రశ్న అడగలేదు. "రేపటినుంచి ఆ క్లాసుకి వెళ్లక్కర్లేదు," అన్నాడంతే. ఆరు నెలల చదువు ఆ ఒక్క మాటతో కొట్టుకుపోయింది. మూడు నెలలు ఆగితే చేతికి సర్టిఫికెట్టు వచ్చేది. తనే అబద్ధమాడింది, ఇక ఎవరితో చెప్పుకుంటుంది?

అతను అక్కడితో ఆగలేదు. భార్య ఫోను తీసుకుని మాస్టారికి కలిపి, అందరూ వినేలా పెట్టాడు. ఆడవాళ్లకి సగం సగం విద్యలు నేర్పి ఇళ్ల మీదికి తోలుతున్నారని కేకలేశాడు. మాస్టారు మధ్యలో అడ్డుపడకుండా చివరిదాకా విన్నారు. ముందు పాప ఎలా ఉందని అడిగారు. పెద్దావిడ ఎలా ఉన్నారని అడిగారు.

"పరీక్ష అయిపోయాక ఆ గొట్టం దగ్గర నేను చెయ్యి పెట్టి చూశానండీ. గాలి వస్తోంది. చూశాకే సంతకం పెట్టాను. రికార్డులో ఫోటో ఉంది," అన్నారాయన. "ఆవిడ మర్చిపోవడం కాదు. ఆ తర్వాత ఎవరో మూశారు. రేపు పొద్దున వస్తాను. అందాకా ఆ గదిలో దేన్నీ ముట్టుకోకండి."

ఫోను ఆగిపోయింది. ఆడపడుచు మరదలి వైపు తిరిగింది, నువ్వు ఎవరి కోసం అబద్ధమాడావని అడిగేలా. భర్త ఎవరి వైపూ చూడకుండా వరండాలోకి వెళ్లిపోయాడు.

ఏం చేయాలో తోచక కోడలు రోజూ ఆ వేళకి చేసే పనే చేసింది. దువ్వెన తెచ్చి అత్తగారి వెనక నిలబడి జుట్టు విప్పింది. రెండేళ్ల కిందట కుడి భుజం పట్టేసినప్పటి నుంచీ ఆవిడకి చెయ్యి చెవిదాకా కూడా లేవదు. జడ వేయడమూ, రవిక తొడగడమూ కోడలే. మూడు పాయలు తీసి, రెండు మెలికలు వేసింది. మూడో మెలిక దగ్గర ఆమె వేళ్లు ఆగిపోయాయి.

తెరిచి ఉన్న తలుపులోంచి గది గోడ కనిపిస్తోంది. పైకప్పు కింద మూత ఊడిన గొట్టం నోరు తెరుచుకుని ఉంది. మధ్యాహ్నం దాన్ని అందుకోవడానికి తనే మంచం మీద స్టూలు వేసుకోవాల్సి వచ్చింది. మూతకున్న నాలుగు మరలూ తిప్పి తీయాల్సి వచ్చింది. నాలుగూ గట్టిగా, వరసగా, పనితనంతో బిగించి ఉన్నాయి. మఫ్లరు కుక్కినవాళ్లు మూత తీసి, పని అయ్యాక మళ్లీ బిగించి మరీ వెళ్లారు.

ఈ ఇంట్లో మరలు అలా బిగించడం తెలిసినవాళ్లు ముగ్గురే. ఒకరు తను. ఇంకొకరు వరండాలో నిలబడి ఉన్నాడు. మూడో మనిషి పోయి రెండేళ్లు.

"అత్తయ్యా," అంది కోడలు. "ఆ గొట్టం మీరు మూయలేదు."

అత్తగారు తల తిప్పలేదు. జడ పాయలు కోడలి చేతిలోనే ఉన్నాయి.

"తాళం తీసి మఫ్లరు ఇచ్చింది నేనే. నేను మూసినట్టే."

"ఎవరికిచ్చారు?"

"మూయమని అడిగాను. అడిగితే కాదనలేదు."

కొడుకు గురించి అయితే ఆవిడ ఎప్పుడూ అన్నాడు, వచ్చాడు అంటుంది. మామగారి గురించి అయితే అన్నారు, వచ్చారు అంటుంది. కాదనలేదు అన్న మాటలో ఆ ఇద్దరిలో ఎవరున్నారో తెలియదు.

"కాదనకుండా ఏం చేశారు?" అని అడగబోయి, 'చేశారు' అంటే మామగారినే తను ఎంచుకున్నట్టవుతుందని తెలిసి ఆగిపోయింది. వంగి, ఆవిడ చెవి దగ్గర మెల్లగా అడిగింది.

"ఆ తర్వాత ఏమైంది అత్తయ్యా?"

అత్తగారు వరండా వైపు ఒకసారి చూసింది. గది వైపు ఒకసారి చూసింది. చెప్పడానికి పెదవి విప్పింది.